మొక్క కంటే ముందు నీటికి దారి
(యానాం ప్రాంత సంఘాల స్త్రీల సమాజాలు, యువజనులు కలిసి ఏర్పాటు చేసుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మనవాళ్ళు ఏటిపాయ పక్కనున్న పర్రలో మడ మొక్కలు నాటాలనుకుంటున్నారు. "పాస్టరుగారూ, ప్రార్థన చేసి మొదటి మొక్క మీరే పెట్టాలి" అని యువజనులు అడిగారు. తప్పకుండా పెడతాను. అయితే మొక్క చేతికి తీసుకునే ముందు మనం మూడు సంగతులు మాట్లాడుకోవాలి. మడ చెట్టు ఉప్పులో ఎలా బతుకుతుంది? దాన్ని ఎలా నాటాలి, ఎలా సాకాలి? అది పెరిగాక ఎవరికి దక్కుతుంది? మూడో ప్రశ్నకు జవాబు లేకుండా మొదటి రెండూ నేర్చుకుంటే, ఇంకొకరి కోసం ఉచితంగా కూలి చేసినట్టవుతుంది.

ఉప్పులో బతికే విద్య

గౌతమి ఒడ్డున పుట్టిన మనకు మడ కొత్త కాదు. కోరింగ వైపు వేటకు వెళ్ళేవాళ్ళకు తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న పేరుపేరునా తెలుసు. కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురుపిల్లి అక్కడ ఉన్నాయి. మన దరియాలతిప్ప వైపు కనిపించే మడలు కూడా ఆ డెల్టాకు చెందినవే. యానాం పుదుచ్చేరిలో ఉన్నా, నీటికి ఆ సరిహద్దు తెలియదు.

నాటడానికి మనం అనుకుంటున్నది తెల్లమడ. ఉప్పు ఎక్కువగా ఉన్నచోట ఇది పొదలాగా గుబురుగా ఉండిపోతుంది. మంచినీరు కొంచెం కలిసేచోట చెట్టవుతుంది. దీని ఆకు మీద వేలితో రాసి నాలుక మీద పెట్టుకోండి, ఉప్పు తగులుతుంది. వేరు దగ్గరే చాలా ఉప్పును ఆపేస్తుంది, లోపలికి వచ్చిన మిగతా ఉప్పును ఆకు మీదున్న గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుంది. ఎండకు ఆ చుక్క ఆరి తెల్లటి పలుకవుతుంది.

ఇంకొక సంగతి. బురదలో గాలి ఉండదు. అందుకే తెల్లమడ వేళ్ళ నుంచి పెన్సిళ్ళ లాంటి పిల్లవేళ్ళు నిలువుగా పైకి లేస్తాయి. పాటులో నీరు దిగినప్పుడు అవి గాలి పీలుస్తాయి. అవే దాని ముక్కు. ఆ ముక్కు మీద మట్టి కప్పినా, నీరు రోజుల తరబడి కదలకుండా నిలిచినా చెట్టు ఊపిరాడక చస్తుంది. ఉప్పునీటి చెట్టు కదా, ఎంత నీటిలో ముంచినా బతుకుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దానికి కావలసింది వచ్చి పోయే నీరు. పోటు ఎంత అవసరమో పాటు కూడా అంతే అవసరం.

మంచినీరు కూడా కావాలి. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది. లక్షల ఎకరాలకు అన్నం పెట్టిన కట్టడం అది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఎగువన నీటిని మళ్ళించే ప్రతిసారీ ఎండాకాలంలో సముద్రం దగ్గరకు చేరే తీపినీరు తగ్గుతుంది. ఏటి చివర ఉన్న చెట్టుకీ, ఏటి చివర ఉన్న మనిషికీ మిగిలేది ఎప్పుడూ చివరి వంతే.

వాక్యంలో ఉప్పు మొక్క

బైబిల్లో కూడా ఉప్పు మొక్క ఉందని మనలో చాలామంది గమనించి ఉండరు. యోబు గ్రంథం 30వ అధ్యాయం 4వ వచనంలో, ఊరి నుంచి తరిమివేయబడి ఆకలితో పొదల్లో ఆకులు కోసుకునే మనుషులు కనబడతారు. అక్కడ హెబ్రీలో ఉన్న మాట 'మల్లూఅహ్'. ఉప్పు అనే మాట నుంచి పుట్టినది. మన తర్జుమాలో వేరే చెట్టు పేరు చదువుకుంటాం గానీ, అది చవిటి నేలల్లో పెరిగే ఒక ఉప్పు పొద అని చాలామంది పండితుల అభిప్రాయం. మన పర్రల్లో కోసుకునే ఇలకూరకు అది దగ్గరి చుట్టం. వండేటప్పుడు ఇలకూరకు ఉప్పు అక్కరలేదని ఇక్కడున్న అమ్మలకు తెలుసు. కరువు రోజుల్లో ఆ కూర ఎవరి ఇళ్ళలో ఉడికిందో కూడా తెలుసు.

ఇంకొకటి యెహెజ్కేలు 47వ అధ్యాయం. దేవాలయం గడప కింద నుంచి బయలుదేరిన నది ఉప్పు సముద్రంలో కలిసి దాన్ని బాగుచేస్తుంది. చేపలు విస్తారంగా పుడతాయి, జాలరులు ఒడ్డున వలలు పరుస్తారు, నదికి రెండు వైపులా చెట్లు పెరుగుతాయి. ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని మధ్యలో ఉన్న 11వ వచనం దగ్గర సాధారణంగా ఎవరూ ఆగరు. అక్కడి బురద నేలలు, ఊబి నేలలు మాత్రం బాగుపడవట, ఉప్పు కోసం విడిచిపెట్టబడతాయట.

దాన్ని శాపంగా చదివేవారు ఉన్నారు. నేను ఇలా చదువుతాను. ఉప్పు లేకపోతే ఆ జనానికి కూర లేదు, చేప నిలవ లేదు, బలిపీఠం మీద అర్పణ లేదు. అందుకే అంతటి దర్శనంలోనూ బురదకు ఒక వాటా మిగిలింది. పర్రను చూడగానే "వట్టి నేల, పనికిరాని నేల" అని కాగితం మీద రాసే అధికారికీ, "పూడ్చేస్తే ప్లాట్లవుతాయి" అని లెక్క కట్టే వ్యాపారికీ ఈ వచనం చదివి వినిపించాలి. పనికిరాదని ఎవరికి? మండపీత పట్టుకునేవాడికి పనికొస్తోంది. గుల్లలు ఏరుకునే ఆమెకు పనికొస్తోంది. రొయ్యపిల్లకు, పండుగప్ప పిల్లకు అది పురిటిల్లు.

ఎలా నాటాలి

ఇప్పుడు పనిలోకి వద్దాం. యువజనులు రాసుకోండి.

మొదటిది, చోటు. మడ ఒకప్పుడు ఉండి పోయినచోటే నాటాలి. ఎందుకు పోయిందో ముందు కనుక్కోవాలి. వెనకటి రోజుల్లో అడవిని పట్టీలు పట్టీలుగా మొదలంటా నరికేవారు. నీడ పోయిన నేల ఎండకు కాలి, గుల్లై, పళ్ళెంలాగా లోపలికి కుంగింది. పోటు నీరు అందులోకి వచ్చి, బయటికి పోలేక నిలిచిపోయింది. నీరు ఆవిరయ్యేకొద్దీ ఉప్పు పేరుకుంది. చివరకు ఉప్పును తట్టుకునే మడ కూడా ఆ ఉప్పును తట్టుకోలేకపోయింది. అలాంటి చోట ఎన్ని వేల మొక్కలు పెట్టినా చస్తాయి.

దీనికి మందు మన దేశంలోనే కనుక్కున్నారు. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ వారు తమిళనాడులోని పిచ్చావరంలోను, తరువాత మన గోదావరి, కృష్ణా డెల్టాల్లోను అటవీ శాఖలతో, ఊరి జనంతో కలిసి కాలవలు తవ్వించారు. ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలవలు. పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లులా ఉంటుంది. ఆ కాలవల గుండా పోటు నీరు లోపలికి వచ్చి, పాటులో పేరుకున్న ఉప్పును కడుక్కుని వెళ్ళిపోతుంది. అలా నేల మెత్తబడ్డాక కాలవ గట్టు వాలులో మధ్యన మొక్కలు పెట్టారు. మరీ కిందైతే మునిగిపోతాయి, మరీ పైనైతే ఎండిపోతాయి. కాబట్టి మన మొదటి పనిముట్టు మొక్క కాదు, పార.

రెండోది, కాయ. మన తీరాన తెల్లమడ కాయలు సాధారణంగా ఆగస్టు నుంచి నవంబరు లోపల ముదురుతాయి. పచ్చదనం తగ్గి పసుపు తిరిగిన కాయను, కొమ్మ కదిపితే రాలేదాన్ని ఏరాలి. పురుగు బెజ్జం ఉన్నది వద్దు. తెల్లమడ కాయలో మొలక చెట్టు మీద ఉండగానే తయారవుతుంది, అందుకని విత్తనంలా ఏడాదిపాటు దాచుకోవడం కుదరదు. ఏరిన కాయలను ఏటినీటిలో నానబెడితే పైతొక్క ఊడుతుంది. వారం లోపల సంచుల్లో పెట్టేయాలి. రిజర్వు అడవిలో కాయ ఏరాలన్నా, మొక్క పెట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. అది ముందే తీసుకుందాం. దొంగల్లాగా వెళ్ళి మంచిపని చేయనక్కరలేదు.

మూడోది, నారుమడి. పాయ ఒడ్డున, పోటు నీరు వచ్చి రెండు మూడు అంగుళాలు నిలిచి మళ్ళీ దిగిపోయే ఎత్తులో నారుమడి కట్టాలి. అప్పుడు నీళ్ళు పోసే పని సముద్రమే చేస్తుంది. సంచి అడుగున, పక్కల బెజ్జాలు పెట్టి, ఏటి ఒండ్రు నింపి, కాయను సగం లోతు మాత్రమే గుచ్చాలి. మొదట్లో కొబ్బరాకు నీడ చాలు. మొక్క నిలదొక్కుకున్నాక నీడ తీసేసి ఎండకు అలవాటు చేయాలి. పీతలు లేతమొక్కను కొరికేస్తాయి కాబట్టి చుట్టూ పాత వల కట్టాలి. పాత వలలకు మన ఇళ్ళలో కొదవ లేదు.

నాలుగోది, నాటడం. ఐదారు నెలలకు మొక్క నాటడానికి సిద్ధమైనా, ఎండాకాలంలో నాటవద్దు. తరువాతి వానలు పడి, వరద ఉధృతి తగ్గి, నేలలో ఉప్పు పలచబడినప్పుడు నాటాలి. మొక్కకీ మొక్కకీ మీటరు నుంచి రెండు మీటర్ల దూరం ఉంచాలి. ప్లాస్టిక్ సంచి చింపి తీసి, మళ్ళీ ఇంటికి తేవాలి. అడవిని పెంచడానికి వెళ్ళి చెత్త వదిలిరాకూడదు.

అయిదోది సాకడం. మనం ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. మడ మొక్కకు ఎరువు వేయనక్కరలేదు, మందు కొట్టనక్కరలేదు. కాని మనిషి వచ్చి చూడాలి. పచ్చటి నాచు వచ్చి లేతమొక్కకు చుట్టుకుంటుంది, దాని బరువుకు మొక్క వంగిపోతుంది. చేత్తో తీసేయాలి. కాండానికి నత్తగుల్లలు పట్టేస్తే మెల్లగా గీకాలి. కొట్టుకొచ్చిన గోనెసంచులు, ప్లాస్టిక్ కవర్లు తీయాలి. గేదెలు, పశువులు మేయకుండా చూడాలి. కాలవలో ఒండ్రు పూడినప్పుడల్లా ఏడాదికొకసారైనా తవ్వాలి. చచ్చిన మొక్కల చోట మరుసటి ఏడు మళ్ళీ పెట్టాలి. ఇలా కనీసం మూడేళ్ళు.

ఒక తీరంలో నేను చూసిన సంగతి చెబుతాను. ఒక కంపెనీవారు బస్సుల్లో వచ్చారు. ఒక్క పూటలో వరసలు వరసలుగా మొక్కలు పెట్టి, ఫోటోలు దిగి, బోర్డు పాతి వెళ్ళారు. నీరు దిగని పల్లం అది. ఆరు నెలలకు అక్కడ నిలబడి ఉన్నది బోర్డు ఒక్కటే. ఆ పల్లంలో నీరు నిలుస్తుందని పక్క ఊరి పీతల వేటగాడికి ముందే తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదు.

ఇంకొక మాట. ఖాళీగా కనిపించిన ప్రతిచోటా మడ పెట్టకూడదు. కొన్ని బురద మేటలు వలస పక్షుల మేత నేలలు. ఇసుక తీరాలు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు. చేపలు ఎండబెట్టుకునే దిబ్బ మనుషుల బతుకు చోటు. వాటిని వాటి పనికే వదిలేద్దాం.

తుఫాను అడిగే లెక్క

ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడిగితే తుఫాను సంగతి చెప్పండి. 1839లో కోరింగ రేవును ఉప్పెన తుడిచిపెట్టింది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది పోయారు. 1996 నవంబరు 6 రాత్రి మన ఈ తీరాన్నే తుఫాను దాటింది. ఇక్కడ పెద్దవాళ్ళకు ఆ రాత్రి గురించి నేను చెప్పనక్కరలేదు.

1999 అక్టోబరు 29న ఒడిశాలో మహా తుఫాను వచ్చింది. ఆ తరువాత సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కేంద్రపడా జిల్లాలోని 409 గ్రామాల లెక్కలు తీసి 2009లో ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామాల్లో చావులు తక్కువగా ఉన్నాయని తేలింది. ముందస్తు హెచ్చరిక అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా ఆ పరిశోధన చెప్పింది. కాబట్టి మడ ఉంది కదా అని తుఫాను షెల్టరుకు వెళ్ళడం మానకండి. రెండూ కావాలి. 2004 సునామీలో పిచ్చావరం మడల వెనకనున్న పల్లెలు చాలావరకు నిలబడ్డాయి.

అయితే తుఫాను మొదట ఎవరి ఇంటికి వస్తుంది? గట్టు బయట గుడిసె వేసుకున్నవాడి ఇంటికి. లోపలి మెరక మీద ఎవరున్నారు, ఏటి అంచున ఎవరున్నారు అని మన ఊళ్ళ పటం గీసి చూడండి. దళిత పేటలు, యానాదుల గుడిసెలు, పల్లెకారుల వాడలు ఎక్కడ ఉన్నాయో చూడండి. మడ అడవి పోతే ముందుగా గోడ కూలేది వీళ్ళకే. అందుకే దీన్ని పర్యావరణం అనే వేరే డబ్బాలో పెట్టకుండా న్యాయం అనే మాటతోనే పిలవాలంటాను.

పెరిగాక ఎవరిది?

రొయ్యల చెరువుల కథ మీకు తెలుసు. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి తప్ప, తొలగించమంది. 2005లో వచ్చిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ పరిశ్రమకు మళ్ళీ చట్టబద్ధమైన దారి ఇచ్చింది. ఆ చట్టంలో కూడా పోటు గీతకు మరీ దగ్గరగా కొత్త చెరువులకు అనుమతి లేదు. ఈ నియమం గుర్తుపెట్టుకోండి. చెరువు యజమానికి అది గుర్తుండదు.

మహారాష్ట్రలో ఉన్న మన తెలుగువాళ్ళ కోసం ఇంకొకటి. 2018 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు మడ అడవుల నాశనం పౌరుల జీవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పింది, వాటి చుట్టూ 50 మీటర్ల మేర నిర్మాణాలు కూడదంది. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం, అనుమతించిన పనుల వల్ల మడ పోతే దానికి కనీసం మూడింతల విస్తీర్ణంలో మళ్ళీ పెంచాలి. వినడానికి బాగుంది. కాని ఇక్కడ కొట్టి ఇంకెక్కడో పెంచితే, ఇక్కడి పీతల వేటగాడు అక్కడికి వెళ్ళి వేటాడగలడా?

2023 కేంద్ర బడ్జెట్‌లో 'మిష్టి' అనే పేరుతో మడల పెంపకం పథకం ప్రకటించారు, ఉపాధి హామీ నిధులను కూడా దానికి కలుపుతామన్నారు. అలాంటి డబ్బు మన ఊరికి వస్తే మనం అడగవలసినవి నాలుగున్నాయి.

ఒకటి, చోటు ఎంచేటప్పుడు పీతలు పట్టేవాళ్ళను, గుల్లలు ఏరే ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. రెండు, కాలవ తవ్వకం, నారుమడి, మూడేళ్ళ కాపలా, అన్నిటికీ కూలి ఇవ్వాలి. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే కూలి. నాటే రోజుకు మాత్రమే డబ్బిచ్చే పథకం మొక్కను చంపే పథకం. మూడు, మొక్కలు పెరిగాక కంచె వేసి "లోపలికి రాకూడదు" అనకూడదు. వేటకు, పీతలకు దారి ఉంటుందని ముందే కాగితం మీద రాయించుకోవాలి. నాలుగు, ఎన్ని నాటారని కాదు, మూడో ఏట ఎన్ని బతికాయని లెక్క అడగాలి. ఆ లెక్క గ్రామసభ ముందు చదవాలి.

ఈ నాలుగూ మనకు మనం కూడా వేసుకోవాలి. స్త్రీల సమాజం అమ్మలు ఉచితంగా బురదలో దిగి, పేరు సంఘానికి వస్తే అది న్యాయం కాదు. సంఘం కానుకల నుంచి నారుమడి కూలి ఇవ్వడానికి కమిటీ ఈ రోజే తీర్మానం చేయాలని నా మనవి. క్రైస్తవేతరులైన పల్లెకార సోదరులు, యానాది కుటుంబాలు ఆ కమిటీలో సమానంగా కూర్చోవాలి. ఏరు మన ఒక్క సంఘానిది కాదు.

కాబట్టి తమ్ముళ్ళారా, ఈ నెలలో మొక్కలు వద్దు. ముందు అమావాస్య పోటుకి ఒకసారి, పాటుకి ఒకసారి ఆ పర్ర దగ్గరకు వెళ్దాం. కర్రలు పాతి నీరు ఎంతవరకు ఎక్కుతోంది, ఎక్కడ నిలుస్తోంది గుర్తులు పెడదాం. మనతోపాటు వేటకు వెళ్ళే పెద్దాయనల్ని ఇద్దరిని పిలుద్దాం, వాళ్ళు చెప్పింది రాసుకుందాం. అనుమతి కాగితం పెడదాం. కాలవ తవ్వుదాం. కాయలు ముదిరేసరికి నారుమడి సిద్ధంగా ఉండాలి. మొదటి మొక్క పెట్టడానికి నన్ను పిలిచారు కదా, రెండో ఏడు నాచు తీయడానికి, మూడో ఏడు లెక్క చదవడానికి కూడా పిలవండి. వస్తాను.